మిగిలిన మూడు దెబ్బలు

పోయిన వారం సిద్ధార్థను మనం కంప్యూటర్ లాబ్‌లో, స్కానర్ గాజు మీద ఒక పాత కాగితాన్ని బోర్లించి నిలబడి ఉండగా వదిలేశాం. అది 1999 నవంబర్. కొత్త శతాబ్దం వచ్చేలోగా ఆంగ్ మో కియో పేటలోని ఆ సెకండరీ స్కూల్ పాత రిజిస్టర్లన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కాలి. ఆ పని అతనిది. టీచర్లు బళ్లు మానేసి సాఫ్ట్‌వేర్ కంపెనీలకు పోతున్న రోజుల్లో అతను కంపెనీ మానేసి, తను చదివిన బడికే ఐటీ టీచరుగా వచ్చాడు. ఎందుకొచ్చావని అడిగినవాళ్లకు ఏవేవో కారణాలు చెప్పాడు. నిజం ఒక్కటే. దండన రిజిస్టర్ కోసం వచ్చాడు.

అది దొరికింది. 1985 జూలై 12. విద్యార్థి: కె. సిద్ధార్థ. నేరం: లాబ్ సామాను పగలగొట్టుట. బెత్తం దెబ్బలు: మూడు. కొట్టినవారు: నారాయణస్వామి, డిసిప్లిన్ మాస్టర్. సాక్షి అన్నచోట పసిపిల్లలు గోడ మీద గీసినట్టు వంకర గీతలు. పేరు చదవడం కుదరలేదు. దొంగ సంతకమని సిద్ధార్థ తేల్చుకున్నాడు. సాక్షి లేకుండా కొట్టకూడదు, మూడు మించకూడదు, ఇవి బడి నియమాలు. ఆ రోజు అతను లోపల్లోపల లెక్కపెట్టాడు. ఆరు.

శుక్రవారం పొద్దున ఏడాది చివరి స్టాఫ్ మీటింగ్. నారాయణస్వామిని వైస్ ప్రిన్సిపాల్‌గా ప్రకటించేది ఆ మీటింగులోనే. తెర మీద నడిచే స్లయిడ్లు తయారుచేసేది సిద్ధార్థే. నారాయణస్వామి పేరు వచ్చే పదమూడో స్లయిడ్ తర్వాత, పద్నాలుగోదిగా ఆ పేజీని పెట్టాడు. కింద ఎర్ర అక్షరాలతో రెండు వాక్యాలు చేర్చాడు: "నిజానికి ఆరు దెబ్బలు. మిగిలిన మూడింటికి ఎవరు జవాబు చెబుతారు?"

ఆ శుక్రవారం వచ్చింది.

*

నళిని హాల్లోకి వచ్చేసరికి సిద్ధార్థ ప్రొజెక్టర్ వైరు నేల మీద టేపుతో అంటిస్తున్నాడు. ఆమె ఇంగ్లీష్ టీచర్, స్టాఫ్ వార్తలు పోగుచేసేది ఆమే. చేతిలో కాగితం నిండా కొట్టివేతలు.

"ఇవి కలుపు. మిసెస్ టాన్‌కి కవలలు. కెమిస్ట్రీ వోంగ్ పెళ్లి డిసెంబర్లో, డిన్నర్‌కి అందరూ రావాలట. పీఈ రహీమ్ బూన్ లే బడికి ట్రాన్స్‌ఫర్. పాపం, ఇల్లేమో తాంపినీస్. తెల్లారకముందే రైలెక్కాలి."

"ఇంకా?"

"వచ్చే ఏడాది నుంచి అందరికీ శనివారం కంప్యూటర్ ట్రైనింగ్. నేర్పేది నువ్వు. ముప్పై ఏళ్లు సుద్దముక్క పట్టిన వేళ్లకి మౌస్ అలవాటు చెయ్యి చూద్దాం. మిసెస్ గోహ్ నిన్న దాన్ని గాల్లో ఎత్తి తెరకేసి చూపిస్తోంది, టీవీ రిమోట్ అనుకుని."

సిద్ధార్థ నవ్వాలని నవ్వాడు. నళిని కంప్యూటర్ మీదికి వంగింది.

"పద్నాలుగోది తెరుచుకోవడం లేదేంటి? లాక్ చేశావా?"

"అది సర్‌ప్రైజ్."

నళిని ముఖం మెత్తబడింది. "కేశవరావు అంకుల్ కోసమా? అలాగైతే నేను చూడనులే. ముప్పయ్యొక్క ఏళ్లు లాబ్‌లో బీకర్లు కడిగిన మనిషి. ఇందాక కనబడ్డారు. తెల్ల చొక్కా, మడత నలగలేదు. ఎంత బాగున్నారో!"

సిద్ధార్థ కాదనలేదు. ఆ రోజు రిటైరయ్యేవాళ్లలో తన తండ్రి ఉన్నాడని అతనికి తెలియక కాదు. తెలిసిన సంగతి వేరే గదిలో ఉంది, ఆ గది తలుపు అతను తెరవడం లేదు. మనసుకు అలాంటి గదులు ఎన్నైనా ఉంటాయి.

ఆ చొక్కాను తండ్రి పొద్దున్నే ఐదున్నరకు ఇస్త్రీ చేసుకోవడం చూశాడు. ఒకే ఫ్లాట్, ఒకే బడి. అయినా ఇద్దరూ వేర్వేరు బస్సుల్లో వస్తారు. ఆ ఏర్పాటు అతనికి పదమూడేళ్లప్పటిది. "బళ్లో నాతో మాట్లాడొద్దు నాన్నా" అన్నాడు అప్పుడు. "సరే" అన్నాడు కేశవరావు. తర్వాత ఎవరూ దాన్ని రద్దు చేయలేదు.

తొమ్మిదింబావుకి హాలు గోడ మీద ఫోన్ మోగింది. నళిని ఎత్తి సిద్ధార్థకు ఇచ్చింది.

"తంబీ," అంది నారాయణస్వామి గొంతు. ఆయన తాత విశాఖ నుంచి ఓడలో ఈ దేశానికి వచ్చినవాడు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, మార్కెట్లో మలయ్. "నా గది పైకి మారుస్తున్నారు కదా. ఈ కంప్యూటర్ వైర్లు నాకు పాముల్లా కనిపిస్తున్నాయి. ఒక్కసారి వచ్చి పీకిపెడతావా?"

వెళ్లనక్కర్లేదు. ఇంకో ముప్పావు గంటలో ఆ మనిషి అందరి ముందూ కూలిపోతాడు. అయినా సిద్ధార్థ బయల్దేరాడు. శిక్ష పడబోతోందని పడేవాడికి ముందే తెలియాలి. లేకపోతే అది ప్రమాదం అవుతుంది గానీ శిక్ష కాదు. ఇది అతనికి దెబ్బలు తిన్న ఆ గదే నేర్పింది.

"పదికల్లా వచ్చేస్తావుగా?" అంది నళిని వెనక నుంచి. "రాకపోతే నేను నొక్కేస్తాను. బాణం గుర్తే కదా?"

"వచ్చేస్తాను" అన్నాడు.

*

గది మారలేదు. అదే బల్ల, అదే వాష్ బేసిన్, మూలన గొడుగుల స్టాండులో మూడు రోతాన్ బెత్తాలు. నారాయణస్వామి చొక్కా చేతులు మడిచి, ఫైళ్లు అట్టపెట్టెల్లో సర్దుతున్నాడు. యాభై నాలుగేళ్ల భారీ మనిషి. మీసం పూర్తిగా తెల్లబడింది.

"రా రా. మీ నాన్న కొత్త పెళ్లికొడుకులా తయారయ్యాడు, చూశావా? మకాన్‌కి, అదే భోజనానికి, మనం ముగ్గురం ఒకే టేబుల్ మీద కూర్చుందాం. మన తెలుగు టేబుల్."

సిద్ధార్థ తలుపు వేసి గడియ పెట్టాడు. జేబులోంచి స్కాన్ కాపీ తీసి బల్ల మీద పరిచాడు.

నారాయణస్వామి కళ్లజోడు కోసం తడుముకున్నాడు. పెట్టుకుని చదివాడు. చిన్న కాగితం. చాలాసేపు చదివాడు.

"దీనికోసం వచ్చావా ఈ బడికి?"

"ఎన్ని దెబ్బలు సార్?"

"రాసే ఉంది కదా."

"నేను లెక్కపెట్టాను."

నారాయణస్వామి కళ్లజోడు తీసి చొక్కాతో తుడిచాడు. "నేను కొట్టింది మూడు."

సిద్ధార్థ ఈ నిమిషాన్ని వేలసార్లు ఊహించుకున్నాడు. ఊహల్లో ఈ మనిషి మెడ అతని రెండు చేతుల మధ్య ఉండేది. ఒక్కోసారి బతిమాలేవాడు, ఒక్కోసారి ఏడ్చేవాడు. ఏ ఊహలోనూ ఇంత మామూలుగా అబద్ధం చెప్పలేదు.

ఆ రోజు నడుము దగ్గర ప్యాంటులోకి ఒక ఫైలు దోపారు, దెబ్బ వెన్నుకు తగలకుండా. ఆ తర్వాత ఈ బల్ల మీదే వంగాడు. రెండు చేతులతో అంచు పట్టుకోవాలి. వెనక్కి తిరిగితే లెక్క మళ్లీ ఒకటి నుంచి. కళ్లెదుట గోడకు ఒక బ్యాంకు క్యాలెండర్, దాని మీద తెరచాప పడవ. వెనక తలుపు తెరుచుకుని మూసుకుంది, సాక్షి వచ్చి ఉంటాడనుకున్నాడు. గాలి చీలిన చప్పుడు ముందొచ్చింది. నొప్పి తర్వాత వచ్చింది, నీళ్లు సలసల కాగినట్టు, చర్మం కింద. ఒకటి. రెండు. మూడు. అయిపోయింది కదా అని ఊపిరి వదిలాడు. సరిగ్గా అప్పుడే, ఒళ్లు వదులైనప్పుడే, నాలుగోది పడింది. అవతలి వైపు నుంచి. గురి లేకుండా. ఐదోది తొడ మీద. ఆరోదానికి ముందు ఎవరిదో గట్టిగా ఊపిరి వినబడింది, పరిగెత్తి వచ్చినవాడి ఊపిరిలా. కుర్రాళ్లందరికీ తప్పనిసరి అయిన సైనిక సేవలో చేరేటప్పుడు పరీక్షించిన డాక్టర్ ఆ మచ్చలు చూసి, "ఇద్దరు కొట్టారా?" అని అడిగాడు. సగం ఇటు వాలి, సగం అటు వాలి, గుణకారపు గుర్తుల్లా ఉన్నాయి. ఒకే మనిషి చేతులు మార్చి మార్చి కొట్టాడు, అలసిపోకుండా ఉండటానికి. అదీ ఆ పశువు తెలివి. పద్నాలుగేళ్లు అలాగే అనుకున్నాడు.

స్టాండులోంచి ఒక బెత్తం లాగాడు.

"వంగండి."

"తంబీ, తలుపు తియ్యి."

"వంగమంటున్నాను."

"నాకు యాభై నాలుగు రా."

"నాకప్పుడు పదిహేను."

మొదటి దెబ్బ ముంజేతి మీద పడింది. చేతి గడియారం అద్దం పగిలి గాజుముక్క మణికట్టులో దిగింది. రెండోది భుజం మీద. అట్టపెట్టెను తన్నుకుని నారాయణస్వామి వెనక్కి తూలాడు. ఫోటో ఫ్రేములు నేల మీద పడి పగిలాయి. మూడోది చెవిని చీల్చుకుంటూ మెడ మీదికి దిగింది. రక్తం కాలరు మీదికి వచ్చింది. సిద్ధార్థ నోటినిండా తియ్యటి నీరు ఊరింది. అది తనకే తెలిసింది. ఆకలిగా ఉన్నప్పుడు అన్నం వాసన తగిలినట్టు. కొట్టేవాడికి ఇది ఇంత రుచిగా ఉంటుందా? ఆ ప్రశ్నతో పాటే బెత్తం నాలుగోసారి పైకి లేచింది.

నారాయణస్వామి తప్పుకోలేదు. రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుని ఉన్నాడు. పిల్లలు పట్టుకున్నట్టే.

"ఆ మూడూ నాకు చెల్లు" అన్నాడు. "వాటికి నీకు బాకీ ఉన్నాను. మిగిలిన మూడింటికి నన్ను కొట్టకు రా. అవి నావి కావు."

బెత్తం గాల్లోనే ఆగింది.

"ఎవరివి?"

చెవి నుంచి రక్తం బల్ల మీది కాగితం మీద పడుతోంది. నారాయణస్వామి వేలు సాక్షి గీతల మీద పెట్టాడు.

"ఇది ఎడమచేతి సంతకం. ఆ వారం ఎవరి కుడిచేతికి కట్టు ఉందో నీకు గుర్తులేదా?"

*

గుర్తుంది. అన్నీ గుర్తున్నాయి. జ్ఞాపకం ఏదీ పారెయ్యదు. అడగకూడని ప్రశ్నలు మాత్రం అడగదు.

దెబ్బలకు రెండు రోజుల ముందు లాబ్‌లో కేశవరావు కడిగిన బీకర్ల ట్రే ఎత్తుకుని బల్లల మధ్య నుంచి వస్తున్నాడు. వెనక బెంచీ కుర్రాళ్లు ఆయన నడకను వెక్కిరిస్తున్నారు. ఒకడు సిద్ధార్థ వైపు తిరిగి, "అదే ముక్కు, అదే రంగు. మీ ఫాదరా?" అన్నాడు. నవ్వు మొదలైంది. సిద్ధార్థ లేచి, కాదని చెప్పడానికి, ట్రే కింద నుంచి చేత్తో ఒక్క తోపు తోశాడు. గాజంతా పడ్డాక కేశవరావు దాని మీద పడ్డాడు. కుడి అరచెయ్యి తెరుచుకుంది. ఆయన తలెత్తి కొడుకును చూశాడు. కొడుకు నవ్వుతున్నాడు, మిగతావాళ్లతో పాటు, అందరికంటే గట్టిగా.

ఆ నవ్వును మొయ్యడం కంటే ఆరు దెబ్బల పగను మొయ్యడం తేలిక. అతను తేలికదాన్నే ఎత్తుకున్నాడు. ఏళ్ల తరబడి.

"సాక్షిగా ఆయన్ని పిలిచింది నేనే" అన్నాడు నారాయణస్వామి. "నువ్వు కొడుకువని తెలుసు. ఆఫీసులో ఇంకెవరికీ తెలియదు. బయటివాణ్ని పిలిస్తే మాట పాకుతుంది, మన తెలుగోడైతే నోరు జారడు అనుకున్నాను. అది నా తప్పు. పెద్ద తప్పు. మూడూ అయ్యాక రిజిస్టర్ తీస్తున్నాను. 'బెత్తం ఇవ్వండి సార్' అన్నాడు. ఇవ్వనన్నాను. లాక్కున్నాడు. ఎడమచేత్తో. రెండు పడ్డాయి, నేను కదల్లేకపోయాను రా. ఎన్నో చూసినవాణ్ని, ఆ ముఖం చూసి కదల్లేకపోయాను. మూడోదాని తర్వాత పట్టుకున్నాను. నిన్ను బయటికి పంపించేశాక ఆ బేసిన్‌లో వాంతి చేసుకున్నాడు."

"మీరు ఇన్నాళ్లూ..."

"చెప్పొద్దన్నాడు. నా కాళ్లు పట్టుకోబోయాడు. 'వాడు మిమ్మల్ని ద్వేషించనీండి సార్. నన్ను ద్వేషిస్తే ఇంట్లో అన్నం తినడు' అన్నాడు."

సిద్ధార్థ చేతిలోంచి బెత్తం జారి నేల మీద దొర్లింది.

ఆ సాయంత్రం తండ్రి ఏమీ అడగలేదు. ఏం జరిగిందో ఆయనకు తెలియదనే సిద్ధార్థ ఇప్పటిదాకా అనుకున్నాడు. కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని, ఎడమచేత్తో అన్నం వడ్డించాడు. వడ్డించే ముందు కొడుకు కుర్చీ మీద ఒక దిండు వేశాడు.

దిండు.

తెలియని మనిషి దిండు ఎందుకు వేస్తాడు? ఇంత చిన్న ప్రశ్న. ఇరవై తొమ్మిదేళ్లు వచ్చాయి, కంప్యూటర్లకు ఎన్నో ప్రశ్నలు అడగడం నేర్చుకున్నాడు. ఇది మాత్రం ఒక్కసారీ అడగలేదు.

గోడ మీది స్పీకర్ గరగరలాడింది. మీటింగ్ మొదలైంది, రావలసినవాళ్లు వెంటనే హాలుకు రావాలి. నారాయణస్వామి బేసిన్ దగ్గర చెవి కడుక్కుని, కాలర్ లోపలికి మడిచి, కుర్చీ మీది కోటు తొడుక్కున్నాడు. ఎడమచెయ్యి పైకి లేవలేదు. కుడిచేత్తోనే లాక్కున్నాడు.

"నువ్వు ముఖం కడుక్కుని రా. ఇక్కడేం జరగలేదు. నేను మెట్ల మీద పడ్డాను."

గడియ తీసుకుని వెళ్లిపోయాడు.

సిద్ధార్థ పగిలిన గాజు మధ్య కూర్చున్నాడు. ఎంతసేపో తెలియలేదు. తన తండ్రి చేతిని గురించి ఆలోచిస్తున్నాడు. ఇందాక తన నోట్లో ఊరిన తియ్యటి నీరు ఆ రోజు ఆయన నోట్లో కూడా ఊరిందా? అందుకే వాంతి చేసుకున్నాడా? ఆ చెయ్యే కదా తనకు వచ్చింది, ముక్కుతో పాటు, రంగుతో పాటు.

అప్పుడు గుర్తొచ్చింది. నళిని. బాణం గుర్తు. పద్నాలుగు.

*

రెండు అంతస్తులు దూకుతూ దిగాడు. హాలు వెనక తలుపు తోసేసరికి చప్పట్లు. తెర మీద పదమూడో స్లయిడ్, నారాయణస్వామి నవ్వుతున్న ఫోటో, కింద కొత్త పదవి. వేదిక మీద మనిషి ఫోటోలోలా నవ్వడం లేదు, ఎడమ భుజం కిందికి వేలాడుతోంది. ప్రిన్సిపాల్ మిసెస్ గోహ్ మైకు ముందు ఉంది.

"మన కొత్త వైస్ ప్రిన్సిపాల్ మొదటి పని చాలా సంతోషకరమైనది" అంది ఆమె ఇంగ్లీషులో. "మనందరికంటే ఎక్కువ కాలం ఇక్కడ పనిచేసిన మనిషికి వీడ్కోలు జ్ఞాపిక ఇవ్వడం. మిస్టర్ కేశవరావు, రండి."

కేశవరావు మెట్లెక్కాడు. తెల్ల చొక్కా. ముప్పయ్యొక్క ఏళ్లలో ఆ వేదిక ఎక్కడం ఇది మొదటిసారి. ఎక్కి, ఎక్కడ నిలబడాలో తెలియక, నారాయణస్వామి పక్కన కొంచెం వెనగ్గా నిలబడ్డాడు. సాక్షులు నిలబడే చోట.

కంప్యూటర్ దగ్గర నళిని ఆనందంగా వేలు ఎత్తింది.

"నళినీ, వద్దు!"

చప్పట్లలో అతని కేక మునిగిపోయింది. తెర మారింది.

తారీఖు. పేరు. మూడు. వంకర గీతల సంతకం. కింద, మనిషెత్తు ఎర్ర అక్షరాలు. చప్పట్లు ఒక్కో వరుసా ఆగిపోయాయి. ముందు వరుసలో ఎవరో ఆ వాక్యాలను పైకి చదివారు, చదువుతున్నామని తెలియకుండానే. నళిని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఏదో ఒకటి నొక్కాలని ఆమె వేళ్లు వెతుక్కున్నాయి, ఏమీ నొక్కలేదు.

కేశవరావు తెర వైపు తిరిగాడు. కళ్లు చికిలించి, పై నుంచి కిందికి, తొందరలేకుండా చదివాడు. తన సంతకం దగ్గర ఆగాడు. తర్వాత హాలంతా వెతికి, వెనక తలుపు దగ్గర కొడుకును పట్టుకున్నాడు. లాబ్‌లో గాజు మీద నుంచి తలెత్తి చూసిన చూపే అది. ఈసారి నవ్వేవాళ్లు లేరు.

నారాయణస్వామి మైకు దగ్గరికి ఒక అడుగు వేశాడు. కోటు కాలరు మీద రక్తం మళ్లీ మొదలైంది.

"మేడమ్, ఈ ప్రశ్నకు జవాబు నేను చెప్పాలి" అన్నాడు. "ఆ రోజు కొట్టింది ఆరు. ఆరూ నేనే..."

ఆ మాటతో ఆయన పదవి పోతుంది. బహుశా ఇంకా చాలా పోతుంది. హాల్లో నూట పదిమంది ఉన్నారు. ఆ మాట అబద్ధమని తెలిసినవాళ్లు ముగ్గురే. చెప్పే మనిషి, ఆ పక్కన జ్ఞాపిక అందుకోవడానికి వచ్చి నిలబడ్డ మనిషి, తలుపు దగ్గర సిద్ధార్థ. అతను నోరు తెరిచాడు. ఏ పేరు చెప్పాలి?

కేశవరావు నారాయణస్వామి భుజం మీద చెయ్యి వేసి ఆపాడు. దెబ్బ తగిలిన భుజం అది. ఆయన ఒక్కసారి ముడుచుకుపోయాడు. కేశవరావు ఆ ముడుచుకోవడాన్ని చూశాడు, కాలరు మీది రక్తాన్ని చూశాడు, మళ్లీ కొడుకు చేతుల వైపు చూశాడు. ముప్పయ్యొక్క ఏళ్లు పగిలినవి ఏరినవాడికి ఎక్కడ ఏం పగిలిందో ఎవరూ చెప్పక్కర్లేదు.

కుడి అరచేతిని, మధ్యలో తెల్లటి మచ్చ ఉన్న ఆ చేతిని, చొక్కా జేబు మీద పెట్టుకున్నాడు. మైకును ఎడమచేత్తో అందుకున్నాడు.